మతిమరుపా, చెవుడా?

ప్రశ్న: నాకు 67, మావారికి 70 ఏళ్లు. కోపెన్‌హాగన్‌లో ఇంగ్లీషుతోనే ఉద్యోగాలు వెళ్లదీశాము. రిటైరయ్యాక స్నేహితులతో కలిసి వారానికి రెండుసార్లు డేనిష్ నేర్చుకుంటున్నాము. ఆయన చదువుతారు, రాస్తారు. ఎవరైనా మాట్లాడితే మాత్రం తెల్లమొహం వేస్తారు. "నాకు మతి పోతోంది" అంటూ నెల నుంచి రావడం మానేశారు. మందులేమైనా వున్నాయా?
— ఒక సోదరి

జవాబు: చదివినది గుర్తుంటోంది కనుక ముందు చెవులు చూపించండి. వయసుతో వచ్చే చెవుడులో స, ఫ, త వంటి హల్లులు మొదట జారిపోతాయి. తెలుగులో మాట సగమే వినిపించినా అలవాటుకొద్దీ మెదడు పూరించుకుంటుంది. కొత్త భాషలో ఆ వెసులుబాటు లేదు. పైగా డేనిష్ వారు మాట చివరలు మింగేస్తారు. 92ని "రెండూ, నాలుగున్నర ఇరవైలూ" అన్న లెక్కన చెబుతారు! కుర్రవాళ్లే తడబడతారు.

గులిమి వుంటే తీయించి, ఆడియోమెట్రీ చేయించండి. లోపం తేలితే చెవి మిషన్లు వాడాలి. కొత్తలో చికాకనిపించినా కొన్ని వారాల్లో అలవాటవుతుంది, సొరుగులో పడేయనివ్వకండి. చెవుడును వదిలేస్తే మతిమరుపు ముప్పు పెరుగుతుంది. మెదడు టానిక్కుల జోలికి పోవద్దు. తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్కల్లో తికమక పడడం వుంటే మాత్రం డాక్టరుకు చెప్పి బి12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి.

ఈలోగా ఆయనను క్లాసు మాననివ్వకండి. మాట్లాడేవారి పెదవులు కనబడేలా, వెలుతురులో ఎదురుగా కూర్చోబెట్టండి.