పత్రిపూజ

వినాయక చవితి యేటేట వచ్చుచున్నది. మనము నేటేట పత్రిని కొనుచున్నాము. కొనిన దాని పేరెఱుగకయే దేవునిపై వేయుచున్నాము. వేసి, భక్తికి లోపము లేదని తృప్తి నొందుచున్నాము. ఈ తృప్తి మాకు సమ్మతము కాదు.

మేము ఉపాధ్యాయులము. గతేడు పండుగ మఱునాడు తరగతిలో, "మీ యింట నే యాకులతో పూజించిరి?" అని యడిగితిమి. పిల్లలు గరిక, తులసి, మామిడి యని చెప్పి యూరకుండిరి. వారిని నిందించుట న్యాయము కాదు. అపామార్గమనగా ఉత్తరేణి యని మాకు నిఘంటువు వలన తెలియును; బడిగోడ నంటి పెరిగి మా బట్టలకు గింజలంటించు మొక్కయే యది యని మొన్నటి వఱకు తెలియదు. 30 ఏండ్లు పేరు చదివి చేతికందిన యాకు వేసితిమి. సంస్కృతము చదివినవారి గతియే యిట్లున్నది!

పూజలోని 21 పత్రములలో రాజోద్యానములవి యెన్ని? మారేడు, రేగు, వావిలి, జమ్మి, రావి, జిల్లేడు మొదలైన వన్నియు గట్టుమీదివి, కంచెలోనివి. వానిని గుర్తించి కోయుటయే బాలునకు పాఠము. ఉమ్మెత్త విషమనియు, జిల్లేడు పాలు కంటికి హానియనియు నెఱుగని బిడ్డచేత ఆ యాకులనే పట్టించుచున్నాము. దీనిని భక్తి యనవలెనా, యేమఱుపాటనవలెనా?

విగ్రహము మాట యింకను విచారకరము. చెఱువు మట్టి చెఱువునకు చేరుట యీ వ్రతమందలి మర్యాద. మనమో, జిప్సమును కాల్చిన పొడితో చేసి రంగులు పూసిన బొమ్మను తెచ్చుచున్నాము. అది నీట సులభముగా కరగదు. రంగులలోని విషము నీటిలోనికి దిగును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో అట్టి విగ్రహములు కూడదని నియమము చేసినది. చట్టము చెప్పకమునుపే మన వివేకము చెప్పవలసినది. మట్టిబొమ్మ మెఱయదని దానిని విడిచినవారము, ఆ మట్టినిచ్చిన చెఱువునే చెఱచుచున్నాము.

"పట్టణవాసులము, తీరిక యెక్కడ? 21 పత్రము లెక్కడ?" అని కొందఱందురు. అంగడిలో బేరమాడు తీరిక కలవారికి బిడ్డ చేయి పట్టుకొని వీధి చివఱకు నడచు తీరిక లేదా? దేవదారువు హిమాలయముల చెట్టు. అది దొరకలేదని చింత వలదు. దాని పేర నేదో కొమ్మ నమ్మువాని మాట నమ్ముటకంటె, లేదని యొప్పుకొనుటయే మేలు. తెలియని 21 ఆకులకంటె తెలిసిన యేడాకులు శ్రేష్ఠములు.

ఇంట స్త్రీలు వేకువనే లేచి కుడుములు, ఉండ్రాళ్లు వండుచుండగా, పురుషులు పీటపై కూర్చుండుటకు మాత్రమే వచ్చుచున్నారు. ఈ యేడు చవితి ముందునాటి సాయంకాలము తండ్రులు బుట్ట పట్టుకొని పిల్లలతో బయలుదేరవలెను. తెచ్చిన ప్రతి యాకునకును పిల్లవాడు పేరు చెప్పవలెను. చెప్పలేని యాకు పూజకు వలదు.