అక్క కూతురూ పట్టుపురుగూ

గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లకు సంబంధం చూడాలన్న మాట రాగానే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "మామ ఉండాడు కదా, బయటికెందుకు పోవాల?" అక్క కూతుర్ని తమ్ముడికివ్వడం, లేదంటే మేనత్త కొడుక్కో మేనమామ కొడుక్కో ఇవ్వడం ఇక్కడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని పని. సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది వద్దన్న పిల్లే. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ "మామ పెండ్లాం" అని పిలిపించుకుని పెరిగిన పిల్ల, పదిహేడేళ్ళకు నోరు తెరిచి "నాకొద్దు, చదువుకుంటా" అంటే దానికి పొగరని పేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి రక్తసంబంధంలోనే జరుగుతోంది.

ఇదే మాట హర్యానాలో అంటే చెవులు మూసుకుంటారు. మేనమామ అంటే అక్కడ తండ్రి తర్వాత తండ్రి, ఆయన కూతురు చెల్లెలు. ఒకే గోత్రం వాళ్ళు కూడా అక్కడ అన్నాచెల్లెళ్ళే; అలా ఒకే గోత్రంలో పెళ్ళి చేసుకున్నారని 2007లో కైథల్ జిల్లాకు చెందిన జంటను చంపేశారు. 2018లో మన తెలుగు నేల మీదే, మిర్యాలగూడలో కులం వేరైన పిల్లను చేసుకున్నాడని ఒక యువకుణ్ణి ఆస్పత్రి ముందే, గర్భిణి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. అక్కడ మరీ దగ్గరయ్యారని, ఇక్కడ మరీ దూరమయ్యారని. రెంటినీ పరువు హత్యలనే అన్నారు. ఏ ఊళ్ళో పుట్టామన్నదాన్ని బట్టి తప్పూ ఒప్పూ తారుమారయ్యేటప్పుడు, ఆ కొలత పట్టుకుని మనిషి ప్రాణం తీసే హక్కు ఎవరికుంది?

శాస్త్రం ఒప్పుకుందనే పెద్దలున్నారు. బౌధాయన ధర్మసూత్రం మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ పెళ్ళాడటాన్ని దక్షిణాది ఆచారంగా చెప్పి, దాన్ని ఉత్తరాదిన చేస్తే దోషమంది. గౌతముడు ఈ వాదాన్నే తప్పన్నాడని కూడా అక్కడే ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటే ఇద్దరు రుషులకు పొసగని విషయం ఇది! 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళి కూడదంటూనే, ఆచారం ఉంటే సరేనంది. అంటే ఆచారానికి శాస్త్రమూ చట్టమూ దారి వదిలాయే తప్ప, అది మంచిదని తేల్చింది లేదు.

మంచిచెడ్డలు తేల్చే తెలివి మన రైతు చేతిలోనే ఉంది. ఈ ప్రాంతంలో మల్బరీ పెట్టి పురుగులు మేపి, గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేసే రైతును అడగండి. తన షెడ్డులో పండిన గూళ్ళలోంచి చిలకలు తీసి, గుడ్లు పెట్టించి, మళ్ళీ అవే మేపుతాడా? మేపడు. మైసూరు జాతి ఆడ చిలకను సీఎస్ఆర్-2 మగ చిలకతో కలిపిన సంకర గుడ్లు గానీ, వాటినుంచి పొదిగిన చాకీ (పసి) పురుగులు గానీ డబ్బిచ్చి తెచ్చుకుంటాడు. సొంత విత్తనమే తిప్పితే పంట పడిపోతుందని అతనికి తెలుసు. ఈ జాగ్రత్త పురుగులు గూడు కట్టే చంద్రికల దాకా వచ్చి పెళ్ళిపందిరి దగ్గర ఆగిపోతోంది.

లోపమున్న జన్యువులు ప్రతి మనిషిలోనూ కొన్ని దాగి ఉంటాయి. జతలో రెండోది బాగుంటే చాలావరకు అవి బయటపడవు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరితే జబ్బవుతుంది. బావామరదళ్ళ బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామకూ మేనకోడలికీ పుట్టిన బిడ్డలో అది ఎనిమిదింట ఒకటి.

"మాది మేనరికమే, మా పిల్లోళ్ళకేమైంది?" అని ఎదురడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మేనరికపు బిడ్డల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. బావామరదళ్ళ విషయంలో పెరిగే ముప్పు నూటికి రెండు మూడు మించదు. ఒక్క ఇంటిని చూస్తే అది కనిపించదు. తరతరాలుగా అదే పని చేసే ఇళ్ళన్నిటినీ కలిపి చూస్తే కనిపిస్తుంది. ఆచారం పుట్టడానికి కారణాలూ ఉన్నాయి: వానలు లేని నేలలో ఉన్న నాలుగెకరాలూ చెదరకుండా ఉంటాయి, కట్నం తగ్గుతుంది, అత్తే అమ్మమ్మ కాబట్టి పిల్లను బాగా చూసుకుంటుందన్న ధీమా ఉంటుంది. ఆ లాభాలన్నీ కుటుంబానివి. నష్టం వస్తే మాత్రం ఒక్క ఆడమనిషి మీద పడుతుంది. బిడ్డకు మాట రాకపోతే కోడలి కర్మ. పెదవి చీలి పుడితే గ్రహణం నాడు ఆమె కత్తి పట్టింది. ఆస్పత్రిలో డాక్టరు "దగ్గర సంబంధమా?" అని అడిగినప్పుడు తల దించుకునేది కూడా ఆమే. పెళ్ళి కుదిర్చిన పెద్దమనుషులు అక్కడ ఉండరు.

పెళ్ళి ఎటూ అయిపోయినవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. మాట రాకపోవడం చెవుడు వల్ల కావచ్చు గనక, బిడ్డ పుట్టిన నెలలోపే వినికిడి పరీక్ష చేయించవచ్చు. పుట్టు చెవుడు ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించే లోపాల జాబితాలో ఉన్నదే. ఆరు నెలల్లోపు గుర్తించి యంత్రం అమర్చి శిక్షణ మొదలుపెడితే ఎందరో పిల్లలకు మాటలొస్తాయి. మన ఇళ్ళల్లో ఆ నెలలన్నీ ముడుపులు కట్టడంలోనూ, "వాళ్ళ నాయనకూ ఆలస్యంగానే మాటలొచ్చినాయి" అని సర్దిచెప్పుకోవడంలోనూ గడిచిపోతున్నాయి.