పడే విమానమే కావాలి

పోయిన నెల ఫిజిక్స్ వాళ్లు పెట్టించిన ఏరోమోడలింగ్ వర్క్‌షాపుకి మన పార్ట్-1 తెలుగు క్లాసు నుంచి పదకొండు మందిమి వెళ్లాం. బల్సా చెక్కతో చేసిన అందమైన విమానాన్ని చూశాం, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగాం. రిమోట్ మాత్రం ఒక్కరి చేతికీ రాలేదు. "పడితే విరిగిపోతుందమ్మా, ఖరీదైంది" అన్నారు తెచ్చినవాళ్లు. సర్టిఫికెట్లు మాత్రం అందరికీ ఇచ్చారు.

వాళ్ల మాటలో అబద్ధం లేదు. బల్సా విమానం ముక్కు మీద పడితే మళ్లీ అతికించుకోవడానికి రోజులు పడుతుంది. అలాంటిదాన్ని కొత్తవాళ్ల ముందుకు తేవడమే నాకు నచ్చలేదు. నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన విమానాలు వేరే ఉన్నాయి, వాటిని ట్రైనర్లు అంటారు. అవి పడతాయని తెలిసే చేస్తారు.

ట్రైనర్ గట్టిదంటే ఇనుములా ఉంటుందని కాదు. ఈపీపీ అనే ఫోమ్ ఉంది. టీవీ పెట్టెలో వచ్చే తెల్ల థర్మోకోల్‌ని వంచితే పుటుక్కున విరుగుతుంది. ఈపీపీ వంగి మళ్లీ మామూలుగా అయిపోతుంది. ఈపీఓ అనే ఇంకో రకం అంత సాగదు గానీ, నొక్కుకుపోయిన చోట వేడినీళ్లు పోస్తే చాలావరకు ఉబ్బుతుంది. ఇక ప్రొపెల్లర్. అది ముక్కు మీద ఉంటే నేలకి ముందు తగిలేది అదే. జర్మనీ కంపెనీ మల్టిప్లెక్స్ వాళ్ల ఈజీస్టార్‌లోనూ, హాబీజోన్ ఏరోస్కౌట్‌లోనూ దాన్ని వెనక్కి జరిపేశారు. ముక్కంతా ఫోమే, పడితే పడనీ.

నాకు అన్నిటికన్నా నచ్చింది రబ్బరు బ్యాండ్ల పద్ధతి. చాలా ట్రైనర్లలో రెక్కని బోల్టులతో బిగించరు, మామూలు రబ్బరు బ్యాండ్లతో విమానం వీపు మీద కడతారు. రెక్క దేనికైనా గుద్దుకుంటే బ్యాండ్లు సాగి జారిపోతాయి, రెక్క ఊడి పక్కన పడుతుంది. ఊడింది కాబట్టే విరగదు. మళ్లీ కట్టుకుని ఎగరేసుకోవడమే.

ఎగరేయడం కూడా తేలికే. రెక్క పైన ఉంటుంది, దాని రెండు కొసలూ కాస్త పైకి లేచి ఉంటాయి. విమానం ఒక పక్కకి ఒరిగితే అటే జారడం మొదలుపెడుతుంది. అప్పుడు కిందికి వాలిన రెక్కకి గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని పైకి ఎత్తుతుంది. అంటే మనం కంగారుపడి స్టిక్ వదిలేస్తే అదే సర్దుకుంటుంది, కాస్త ఎత్తులో ఉంటే. (వర్క్‌షాపంతా ఇంగ్లీషులో, మధ్యమధ్య తమిళంలో సాగింది. ఈ ముక్క నాకు తెలుగులో రాసుకున్నాకే బుర్రకెక్కింది. తెలుగు గోడపత్రికలో విమానాల గొడవేమిటి అనేవాళ్లకి ఇదే జవాబు.)

చిక్కల్లా విమానం మన వైపు తిరిగినప్పుడే. దాని కుడి మనకి ఎడమ అవుతుంది, చెయ్యి తడబడుతుంది. అందుకో చిట్కా ఉంది: ఏ రెక్క వాలుతోందో స్టిక్‌ని అటే తొయ్యాలి, పడబోయేదాని కింద చెయ్యి పెట్టినట్టు. ఇది బోర్డు మీద వందసార్లు చెప్పినా రాదు. రెండుసార్లు పడేస్తే వస్తుంది. రిమోట్ చేతికివ్వని వర్క్‌షాపు ఎందుకూ పనికిరాదని నేననేది అందుకే.

డ్రోన్లున్న కాలంలో ఇవెందుకని మా ల్యాబ్ అక్క అడిగింది. జీపీఎస్ ఉన్న డ్రోన్ స్టిక్ వదిలితే ఉన్నచోటే నిలబడుతుంది, పని అంతా లోపలి కంప్యూటరే చేస్తుంది. విమానానికి వేగం తగ్గితే రెక్క పట్టు పోతుంది. గాలి అంటే ఏమిటో తెలిసేది అక్కడే. ట్రైనర్లలోనూ ఇప్పుడు అలాంటి సాయం వస్తోంది, ఏరోస్కౌట్‌లో మూడు అంచెలుగా ఉంది. మొదటి రోజుకి మంచిదే, నెల తర్వాత కూడా దాని మీదే ఆధారపడకపోతే చాలు.

డబ్బుల మాటకొస్తే, అన్నీ కొననక్కర్లేదు. అమెరికాలోని ఫ్లైట్ టెస్ట్ వాళ్లు ఫోమ్‌బోర్డు విమానాల ప్లాన్లు ఉచితంగా ఇస్తున్నారు. టైనీ ట్రైనర్ అందులో ఒకటి. మన ఉగాది ప్రదర్శనకి కోసినలాంటి బోర్డే. కోసింది మనమేగా? తడి గడ్డిలో దిగితే కాగితం ఊడొస్తుంది, అడుగున టేపు వేసుకోవాలి. మోటారు, బ్యాటరీ, రిసీవర్ కొనక తప్పదు. లైపో బ్యాటరీ ఉబ్బితే పక్కన పడెయ్యాలి, ఛార్జింగులో పెట్టి క్యాంటీన్‌కి పోకూడదు.

2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోల లోపువాటిని వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎక్కడ ఎగరేస్తున్నామో మాత్రం డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. మద్రాసులో విమానాశ్రయముంది, కాలేజీ గ్రౌండులో అంటే కుదరకపోవచ్చు. ఊరి బయట, పొద్దున్నే అయితే మేలు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే ఇంత తేలిక విమానం నిలవదు.

వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ వర్క్‌షాపు ఉందట. మూడు ఫోమ్ ట్రైనర్లు, ఆరు బ్యాటరీలు, ఒక గ్లూ గన్, ఒక సంచెడు రబ్బరు బ్యాండ్లు, ప్రతి ఒక్కరి చేతిలో పది నిమిషాలు రిమోట్. ఇదే అడుగుతూ రాసిన అర్జీ ఈ పత్రిక పక్కనే పిన్ను చేశాను. సంతకాలు పెట్టండి. శుక్రవారం ఫిజిక్స్ మేడమ్‌కి ఇస్తాను.