స్కాన్ చెప్పనిది, అమ్మమ్మ చెప్పగలిగినది

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. ప్రోగ్రాం సరిగ్గా నడవకపోతే లోపలికి చూసి బగ్ ఎక్కడుందో పట్టుకోవడం మన వృత్తి. అందుకేనేమో, పిల్లవాడికి బైపోలార్ డిజార్డర్ ఉందేమోనని డాక్టరు అనుమానపడితే మనవాళ్ళు ముందు అడిగే ప్రశ్న, "మెదడు స్కాన్ తీస్తే తెలిసిపోదా?" అని.

తెలియదు. ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధక బృందం ఆరు వేల మందికి పైగా ఎమ్మారై స్కాన్లు పోల్చి, బైపోలార్ ఉన్నవాళ్ళలో మెదడు పైపొర కొన్నిచోట్ల సగటున కాస్త పలచగా ఉందని 2018లో ప్రచురించింది. ఆ "సగటున" అన్న మాట గమనించండి. అది రెండు గుంపుల మధ్య తేడా. ఎదురుగా కూర్చున్న ఒక్క పిల్లవాడి గురించి అదేమీ తేల్చదు.

లక్షణాలు చూసి చెప్పడమూ తేలిక కాదు. అమెరికాలో పిల్లలకు బైపోలార్ అని రాసిన డాక్టరు విజిట్లు 1994-95 నుంచి 2002-03 నాటికి దాదాపు 40 రెట్లు పెరిగాయి. ఎప్పుడూ చిరాకుగా ఉండే పిల్లలకూ ఆ పేరే పెట్టేస్తున్నారని విమర్శ వచ్చాక, 2013లో డీఎస్ఎం-5 అలాంటి వాళ్ళ కోసం వేరే పేరు చేర్చింది.

మరి డాక్టరుకి దారి చూపించేవేమిటి? ముఖ్యంగా రెండు. నిద్ర, హుషారు, దిగులు కాలక్రమంలో ఎలా మారుతూ వచ్చాయన్నది ఒకటి. వంశంలో ఇంకెవరికైనా ఉందా అన్నది రెండోది. ఈ జబ్బులో వంశపారంపర్యం పాలు ఎక్కువ. సంగతి తెలియక డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా తిరగబెట్టవచ్చు. అందుకే కుటుంబ చరిత్ర అడగమని ఇక్కడ ఆ మందుల లేబుళ్ళలోనే రాసి ఉంటుంది.

సరిగ్గా అక్కడే మనం నోరు మెదపం. "బాబాయికి గాలి సోకింది", "తాతయ్య కాలుజారి నూతిలో పడ్డాడు" అని పెళ్ళి సంబంధాల కోసం ఊళ్ళో కప్పిపుచ్చిన సంగతుల్ని, సముద్రాలు దాటి వచ్చాక కూడా కప్పిపుచ్చుతూనే ఉంటాం. ఫారంలో "లేదు" అని టిక్కు పెట్టేస్తాం.

ఉద్యోగానికీ ఇన్సూరెన్సుకీ ఎసరొస్తుందన్న భయం ఒకటి. 2008 నాటి జినా చట్టం ప్రకారం కుటుంబ వైద్య చరిత్ర చూపించి ఆరోగ్య బీమా నిరాకరించకూడదు. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీ ఉద్యోగమూ నిరాకరించకూడదు. లైఫ్ ఇన్సూరెన్సుకి మాత్రం ఈ రక్షణ లేదు.

వైద్యం ఉంది. లిథియంకి అమెరికాలో 1970లోనే అనుమతి వచ్చింది. కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి చేసే థెరపీ కూడా ఉంది. ముందు జబ్బేదో తేలాలి. అందుకు మీ చేతిలో ఉన్న పరీక్ష ఒక్కటే, అదీ ఖర్చు లేనిది. ఈ వారాంతం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మనో, పెద్దనాన్ననో అడగండి. విన్నది విన్నట్టు డాక్టరుకి చెప్పండి.