నాట్స్ వివాదం.. ఫ్రెషర్లు గమనించాల్సిందేంటి?

2025 ఏప్రిల్‌లో ఓపెన్ సోర్స్ ప్రపంచంలో ఓ గొడవ రచ్చకెక్కింది. సర్వర్ల మధ్య సందేశాలు చేరవేసే ‘నాట్స్’ ప్రాజెక్టును వెనక్కి తీసుకుంటామని, లైసెన్సు మారుస్తామని దాన్ని ప్రధానంగా అభివృద్ధి చేస్తున్న సినాడియా కంపెనీ ప్రకటించింది. 2018లో తమకు అప్పగించిన ప్రాజెక్టును తిరిగి ఇవ్వడం కుదరదని క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ తేల్చిచెప్పింది. చివరికి మే 1న రాజీ కుదిరింది. ట్రేడ్‌మార్కులు లైనక్స్ ఫౌండేషన్‌కు ఇవ్వాలని, సర్వర్ కోడ్ అపాచీ 2.0 లైసెన్సుతోనే కొనసాగాలని నిర్ణయించారు.

‘ఉద్యోగం వెతుక్కునే మాకు దీంతో ఏం పని?’ అనుకోవద్దు. మీరు నెలల తరబడి నేర్చుకునే టూల్ భవిష్యత్తు ఇలాంటి నిర్ణయాల మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు పనేంటి?

ఒక ఫుడ్ డెలివరీ యాప్‌నే తీసుకుందాం. ఆర్డర్ రాగానే వంటగదికి, బిల్లింగ్‌కు, డెలివరీ విభాగానికి సమాచారం వెళ్లాలి. ప్రతి ప్రోగ్రామూ మిగతావాటి చిరునామాలు గుర్తుపెట్టుకోవడం కష్టం. అందుకే మధ్యలో మెసేజ్ బ్రోకర్ ఉంటుంది. ‘ఆర్డర్ వస్తే నాకు చెప్పు’ అని అడగడం సబ్‌స్క్రైబ్. ‘ఇదిగో ఆర్డర్’ అని పంపడం పబ్లిష్.

ఒక్క బ్రోకర్ సరిపోనప్పుడు కొన్నింటిని కలిపి క్లస్టర్‌గా పెడతారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఎ, బీ, సీ అని మూడు నాట్స్ సర్వర్లున్నాయి. బిల్లింగ్ ప్రోగ్రామ్ సీలో సబ్‌స్క్రైబ్ అయింది. ఆ సంగతిని సీ వెంటనే ఎ, బీలకు చెబుతుంది. తర్వాత ఎ దగ్గరికి ఆర్డర్ వస్తే అది సీకి మాత్రమే వెళ్తుంది. అడిగినవాళ్లు లేరు కాబట్టి బీకి వెళ్లదు. సీ దగ్గర యాభై మంది సబ్‌స్క్రైబర్లున్నా ఎ పంపేది ఒక్క కాపీయే. దాన్ని పంచే బాధ్యత సీది. చివరి సబ్‌స్క్రైబర్ తప్పుకుంటే ‘ఇక పంపొద్దు’ అనే కబురూ వెళ్తుంది.

మరి సందేశం సర్వర్ల మధ్య గిరగిరా తిరగదా? తిరగదు. క్లస్టర్‌లో తోటి సర్వర్ నుంచి వచ్చిన సందేశాన్ని సీ తన క్లయింట్లకే ఇస్తుంది, మరో సర్వర్‌కు పంపదు. ఈ నియమం వల్లే ప్రతి సర్వరూ మిగతా అన్నింటితో నేరుగా కలిసి ఉండాలి. మూడు సర్వర్లకు మూడు జతలు చాలు. పది సర్వర్లకు 45 జతలు కావాలి. అందుకే పెద్ద వ్యవస్థల్లో క్లస్టర్లను గేట్‌వేలతో కలుపుతారు.

ఇంటర్వ్యూ కోణంలో..

ఒకే సమస్యకు టూల్‌ను బట్టి జవాబు మారుతుంది. కాఫ్కాలో కన్జ్యూమర్ సాధారణంగా ఆ పార్టిషన్ లీడర్ దగ్గరికే నేరుగా వెళ్తుంది. మస్కిటో బ్రిడ్జిలో ఏ టాపిక్‌లు అవతలికి వెళ్లాలో మనమే రాయాలి. ‘సబ్‌స్క్రైబర్ లేనప్పుడు వచ్చిన మెసేజ్ ఏమవుతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే? మామూలు నాట్స్‌లో అది పోయినట్టే. దాచిపెట్టాలంటే జెట్‌స్ట్రీమ్ వాడాలి. ఈ తేడాలు చెప్పగలిగితే మీరు కమాండ్లు బట్టీపట్టలేదని అర్థమవుతుంది.

లైసెన్సూ చూడాలి

2024 మార్చిలో రెడిస్ లైసెన్సు మారితే, అదే నెలలో పాత కోడ్ నుంచి ‘వాల్‌కీ’ పుట్టింది. రెడిస్ సూత్రాలు తెలిసినవాళ్లు పెద్దగా ఇబ్బంది పడకుండా అటు మారగలిగారు. పేర్లు మాత్రమే రెజ్యూమెలో రాసుకున్నవాళ్లకు అది అంత తేలిక కాదు. కొత్త టూల్ మొదలుపెట్టే ముందు లైసెన్సు ఏంటి, ట్రేడ్‌మార్కు ఎవరిది, కోడ్ రాసేది ఒక్క కంపెనీయేనా అన్నది చూసుకోండి. పది నిమిషాల పని.

ఈ వారాంతంలో ఓ ప్రయోగం చేయండి. మీ ల్యాప్‌టాప్‌లోనే మూడు నాట్స్ సర్వర్లు వేర్వేరు పోర్టుల్లో నడిపి, ఒకదాంట్లో సబ్‌స్క్రైబ్ చేసి మరోదాంట్లో పబ్లిష్ చేయండి. తర్వాత ఒక సర్వర్‌ను ఆపేసి ఏం జరిగిందో రాసుకోండి. ఆ ఒక్క పేజీ నోట్సు ఇంటర్వ్యూలో మీకు అండగా ఉంటుంది.