స్టార్ థియేటర్‌కు ఆలస్యంగా వచ్చిన పేరు

నాటకశాలల పేర్లు మారడం వింతేమీ కాదు. లండన్ హేమార్కెట్ వీధిలో 1705లో వెలసిన నాటకశాల, సింహాసనం మీద రాణి ఉంటే ఒక పేరూ రాజు ఉంటే మరొక పేరూ పెట్టుకుంటూ వస్తోంది. రెండవ ఎలిజబెత్ కాలమంతా "హర్ మెజెస్టీస్"గా ఉన్నది కాస్తా, 2023లో మూడవ ఛార్లెస్ పట్టాభిషేకంతో "హిజ్ మెజెస్టీస్" అయింది. బోర్డు మారింది, అంతే. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

నన్ను ఆలోచనలో పడవేసినది కలకత్తా స్టార్ థియేటర్. దానికి ఇకమీదట బినోదిని పేరు పెడుతున్నట్లు 2024 డిసెంబరు 30న ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించారు. ఆ వార్త చదివి ముందు సంతోషించాను. కాసేపటికి ఆ సంతోషంలో ఏదో నలకలాగా గుచ్చుకోవడం మొదలైంది.

బినోదిని దాసి వేశ్యావాటికలో పుట్టిన పిల్ల. 1874లో, పన్నెండేళ్ళయినా నిండీ నిండని వయసులో రంగస్థలం ఎక్కింది. గిరీశ్ చంద్ర ఘోష్ శిక్షణలో గొప్ప నటి అయింది. ఆ నాటక బృందానికి సొంత నాటకశాల కావలసి వచ్చినప్పుడు డబ్బు పెట్టడానికి గుర్ముఖ్ రాయ్ అనే యువ వ్యాపారి ముందుకు వచ్చాడు. అతని షరతు ఒక్కటే: బినోదిని తనకు ఉంపుడుగత్తెగా ఉండాలి. నాటకశాల మాట మరచిపొమ్మనీ, బదులుగా యాభై వేల రూపాయలు చేతికిస్తాననీ కూడా అతను అన్నాడట. ఆమె ఆ డబ్బు వద్దంది, నాటకశాలే కావాలంది. తోటి నటులు కూడా ఆమెను బతిమాలారు, ఒప్పించారు. కొత్త శాలకు ఆమె పేరు మీదుగా "బి థియేటర్" అని పెడతామన్నారు. తీరా రిజిస్టరు చేసి వచ్చాక చూస్తే, పేరు "స్టార్". ఇదంతా ఆమె తన ఆత్మకథ "ఆమార్ కథ"లో స్వయంగా రాసుకున్నది. ఒక వేశ్య పేరుతో ఉన్న శాలకు పెద్దమనుషులు రారన్న భయమే కారణమని చెబుతారు. (ఆ పెద్దమనుషులే లోపల కూర్చుని ఆమె నటనకు కన్నీళ్ళు పెట్టుకున్నారు. 1884 సెప్టెంబరులో శ్రీరామకృష్ణులవారు స్వయంగా వచ్చి, చైతన్యుడిగా ఆమె నటనను చూసి ఆశీర్వదించారు.)

ఇక నా నలక సంగతి. 1883లో తెరచిన ఆ స్టార్ థియేటర్ ఉన్నది బీడన్ వీధిలో. ఇప్పుడు పేరు మారినది హాతీబగాన్‌లో 1888లో తెరచిన వేరే భవనం. అప్పటికే బినోదిని రంగస్థలం వదిలేసింది. ఆ వేదిక మీద ఆమె ఒక్క రాత్రి కూడా నటించలేదు! ఆమె తన్ను తాను పణంగా పెట్టి కట్టించిన శాల చేతులు మారి ఎమరాల్డ్ అయింది, క్లాసిక్ అయింది, కోహినూర్ అయింది, మనోమోహన్ అయింది. చివరికి కొత్త రోడ్డు కోసం కూలిపోయింది. మరి ఏ గోడకు పెట్టారు ఆమె పేరు? ఆ హాతీబగాన్ శాల కూడా 1991లో కాలిపోయి, 2004లో మళ్ళీ తెరుచుకున్నదే.

ఇలా అనుకుంటూ ఉండగా మరొక సంగతి గుర్తుకు వచ్చి నా అభిప్రాయాన్ని తలక్రిందులు చేసింది. 1887లో గోపాల్ లాల్ శీల్ అనే ధనికుడికి బీడన్ వీధి భవనాన్ని ముప్పై వేల రూపాయలకు అమ్మినప్పుడు, బృందంవారు ఇల్లు మాత్రమే అమ్మారు. "స్టార్" అనే పేరును అమ్మలేదు. దానిని భద్రంగా హాతీబగాన్ మోసుకుపోయారు. పేరు విలువ ఎంతో వారికి తెలియదనలేము. ఇటుకలు పోతే పోనీ, పేరు ఉంటే జనం వస్తారని వారికి బాగా తెలుసు. అంత తెలిసినవారే నాలుగేళ్ళ క్రితం ఒక స్త్రీకి ఇచ్చిన మాట దగ్గర, పేరులో ఏముందిలే అన్నట్లు ప్రవర్తించారు.

కనుక ఆమెకు జరిగిన అన్యాయం ఇటుకలలో లేదు, పేరులో ఉంది. ఆ పేరు హాతీబగాన్‌కే వెళ్ళింది. ఆమె పేరు రావలసిన చోటును ఆక్రమించిన మాట ఏదో, నూట నలభై ఒక్క ఏళ్ళకు దానినే తొలగించి ఆమె పేరు వ్రాశారు. ఆమె అడుగు పెట్టని వేదికే అయినా సరైన చోటే అని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. రాజకీయ లాభం కూడా ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉండవచ్చు, కాదనను. 1883లో ఆ పేరు పెట్టకపోవడంలోనూ లాభనష్టాల లెక్కే ఉన్నది.

అయితే "స్టార్" అన్న మాటను ఆనవాలు లేకుండా చెరిపివేయకూడదని నా మనవి. అది చెరిగిపోతే, ఇది మొదటి నుండీ బినోదిని థియేటరేననీ, కలకత్తా నగరం ఆనాడే ఆమెను గౌరవించిందనీ రేపటి పిల్లలు అనుకుంటారు. ముఖద్వారం ప్రక్కన ఒక రాతిపలక మీద బీడన్ వీధి కథ, ఆ రిజిస్టరు కథ, ఉన్నదున్నట్లుగా వ్రాయాలి.

జనం నోట ఏ పేరు నిలుస్తుందో చూడాలి. మన విశాఖలో జగదాంబ, విజయవాడలో అలంకార్ అన్నవి సినిమాహాళ్ళ పేర్లుగా మొదలై కూడళ్ళ పేర్లయిపోయాయి. ఏ ప్రభుత్వమూ ప్రకటించి పెట్టినవి కావవి. హాతీబగాన్‌లో ట్రాము దిగి దారి అడిగేవాడు "బినోదిని ఎక్కడండీ?" అని అడిగే రోజు నా జీవితకాలంలో వస్తుందో రాదో.