కాలికీ ఇంజనుకూ మధ్య

దోమనుంచి పరిగి మీదుగా వికారాబాదు చేరి, అనంతగిరి కొండ ఎక్కే కారులో ఎప్పుడైనా కూర్చున్నారా? ఎత్తు రాగానే నడిపేవారు కుడికాలితో యాక్సిలరేటరును నొక్కుతారు. ఇంజను హోరుమంటుంది. పెట్రోలు ఎక్కువ పోయిందనుకుంటాం. నిజానికి పెట్రోలు కారులో ఆ కాలు ముందుగా పెంచేది గాలిని.

ఇంజనుకు గాలి పోయే గొట్టంలో ఒక గుండ్రని బిళ్ళ ఇరుసుమీద తిరుగుతుంది. దీన్నే థ్రాటిల్ అంటారు. బిళ్ళ అడ్డంగా నిలిస్తే గాలి దాదాపు ఆగిపోతుంది. వాలుగా తిరిగినకొద్దీ ధారాళంగా పోతుంది. గ్రాము పెట్రోలు మండటానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి మరి! వెనకటి కార్లలో ఈ బిళ్ళను కాలిమీటకు ఉక్కుతీగతో కట్టేవారు, సైకిలు బ్రేకులాగే.

1980ల చివరినుంచి ఆ తీగ పోవటం మొదలైంది. ఇప్పుడు మీటను ఎంత తొక్కారో విద్యుత్తు ద్వారా కంప్యూటరుకు కబురు పోతుంది. అది ఇంజను వేగమూ వేడీ చూసుకుని, బిళ్ళను ఇంత తిప్పమని చిన్న మోటారుకు చెబుతుంది.

"కబురు తప్పుగా అందితే?" అని మీరు అడగవచ్చు. ఘాటురోడ్డు మలుపులో ఇంజను తనంతట తాను రెచ్చిపోతే ప్రాణంమీదికి వస్తుంది. అందుకే మీటదగ్గర రెండు సెన్సర్లు పెట్టారు. కొన్ని కార్లలో మొదటిది 2 వోల్టులు చెబితే, రెండవది సరిగ్గా సగం, 1 వోల్టు చెప్పాలి. ఇద్దరూ ఒకే మాట చెబితే పోలేదా? పోదు! వాటి తీగలు ఒకదానికొకటి తగులుకుంటే రెండూ ఒకటే అంకె చెబుతాయి. అప్పుడు కంప్యూటరు అబద్ధాన్ని వెంటనే పట్టేస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఏర్పాటే.

బిళ్ళదగ్గరా ఇలాగే రెండు సెన్సర్లున్నాయి. లెక్క కుదరకపోతే మోటారుకు విద్యుత్తు ఆగుతుంది. స్ప్రింగు బిళ్ళను కొంచెం మాత్రం తెరిచి నిలుపుతుంది. పూర్తిగా మూసేస్తే కారు నడిరోడ్డున ఆగిపోతుంది. ఇలాగైతే మెల్లగా మెకానిక్ దగ్గరికి చేరుతుంది.

2009-10లో అమెరికాలో టొయోటా కార్లు వాటంతట అవే దూసుకుపోతున్నాయని గగ్గోలు పుట్టింది. అందరూ కంప్యూటరునే అనుమానించారు. నాసా ఇంజనీర్లు శోధించారు. అంతటి ప్రమాదం తెచ్చే విద్యుత్ లోపమేదీ వారికి దొరకలేదని 2011లో ప్రకటించారు. బయటపడ్డ దోషులు రెండు: సరిగా పైకి లేవని మీటలూ, మీటకు అడ్డుపడే కాళ్ళకింది పట్టాలూ! ఇంత తెలివైన యంత్రాన్ని ఒక పట్టా ఓడించింది.

తరవాత చాలా కార్లలో మరొక కట్టుబాటు చేర్చారు. యాక్సిలరేటరూ బ్రేకూ ఒకేసారి నొక్కుడుపడితే, కంప్యూటరు బ్రేకు మాటే వింటుంది.